ఆరని గుడ్డ, చల్లబడే బిడ్డ



గత మార్గశిరంలో ఒక సాయంకాలం మా వీధిలోని పెద్దావిడ ఒకరు మా ఇంటికి వచ్చారు. ఆమె కూతురు పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. బిడ్డ పుట్టి పన్నెండు రోజులు. "డాక్టరు సారూ, నాలుగు రోజులుగా ఒకటే ముసురు. బిడ్డ ఉచ్చగుడ్డలు ఆరి చావడంలేదు. బాలింత గదిలో కుంపటి పెట్టి, మీద గంప బోర్లించి, దాని మీద ఆరేసుకోవచ్చా? మా అమ్మ అట్లాగే చేసేది" అని అడిగారు.

నేను చదువుతున్న పత్రిక పక్కన పెట్టి, చెప్పులు వేసుకొని, ఆమెతో పాటే వాళ్ళ ఇంటికి బయలుదేరాను. ఆమె కంగారుపడి, "ఈ మాత్రానికి మీరు రావడమెందుకు సారూ, అవునో కాదో చెబితే చాలు" అన్నారు. గుడ్డలు ఎక్కడ ఆరేస్తున్నారో కళ్ళతో చూడకుండా ఆ ప్రశ్నకు సమాధానం చెప్పకూడదని నేను ఒకప్పుడు చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. ఆ సంగతి ఈ వ్యాసంలో మీకు మనవి చేస్తాను.

మా ప్రాంతపు చలికాలం

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలను తలచుకోగానే ఎవరికైనా ఎండలు, కరువు, బోరునీళ్ళు గుర్తుకొస్తాయి. ఇక్కడ బట్టలు ఆరకపోవడమేమిటని మీరు అనుకోవచ్చు. వేసవిలో నిజమే, దండెం మీద వేసిన గుడ్డ రెండో చివర సర్దేలోగా మొదటి చివర ఆరిపోతుంది. చలికాలం సంగతి వేరు.

మొదటి కారణం ఈశాన్య ఋతుపవనాలు. ఆశ్వయుజం చివరి నుండి మార్గశిరం దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మాకు పెద్ద వాన పడకపోయినా మూడు నాలుగు రోజులు ముసురు వదలదు. రెండవ కారణం కొండలు. గిద్దలూరు, కంభం పట్టణాలకు పడమట నల్లమల, తూర్పున వెలికొండలు. కొండవారల పల్లెల్లో సాయంత్రం పొద్దు నల్లమల వెనక్కి ముందుగానే జారుతుంది. పంచాంగంలో సూర్యాస్తమయం ఎప్పుడని ఉన్నా, పెరట్లో దండెం మీది ఎండ అంతకు ముందే పోతుంది. మూడవ కారణం మంచు. సాయంత్రం బయట మరచిపోయిన గుడ్డ పగలంతా ఆరి, రాత్రి మళ్ళీ తడుస్తుంది.

పసిబిడ్డల గుడ్డలకు ఈ మూడింటితో పాటు ఇంకో ఇబ్బంది ఉంది. పురిటి మైల అని వాటిని అందరి బట్టలతో కలిపి ముందు వైపు దండెం మీద వేయరు. ఇంటి వెనుక, గోడ నీడన, ఎవరి కంటా పడని చోట ఆరేస్తారు. ఎండ వచ్చే చోటు పెద్దల పంచెలకూ చీరలకూ పోతుంది. ఇంట్లో అందరికంటే త్వరగా ఆరవలసిన గుడ్డ అందరికంటే నీడపట్టున ఆరుతుంది. చదువుకున్న ఇళ్ళలో కూడా నేను దీన్ని చూశాను.

"ఆరేసేది యాడ సారూ?"

1980వ దశకం మొదటి సంవత్సరాలు. నాకు అప్పటికి ముప్పై నిండి ఒకటి రెండేళ్ళు. గిద్దలూరు పరిసరాల్లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా ఉండేవాణ్ణి. మీటరు గేజీ రైలు, రోజుకు రెండు మూడు బస్సులు తప్ప బయటి ప్రపంచంతో మాకు సంబంధం ఉండేది కాదు.

ఒక ముసురు రోజున కొండవార పల్లె నుండి ఒక చిన్న వయసు తల్లి, ఆమె అత్తగారు తొమ్మిది రోజుల మగబిడ్డను తెచ్చారు. మంత్రసాని చేతి పురుడు. బిడ్డ బరువు రెండు కిలోలకు కొంచెం పైన. తొడల సందుల్లో, పిరుదుల మీద ఎర్రగా కంది చర్మం లేచింది. నేను చూసి జింకు ఆక్సైడు లేపనం ఇచ్చి, "బిడ్డకు తడి తగలనీయవద్దు. ఎప్పటికప్పుడు పొడిగుడ్డ మార్చండి" అని చెప్పాను. పుస్తకంలో ఉన్నది అదే. నేను చెప్పినదాంట్లో తప్పులేదు.

ఆ అవ్వ లేవలేదు. "ఆరేసేది యాడ సారూ?" అని అడిగింది.

నాకు ఆ మాట ప్రశ్నలా వినిపించలేదు. మా ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్ళు వానలు లేవనో, వానలు ఎక్కువైనాయనో, కాలం చెడిపోయిందనో అనే మాటల్లో అదొకటి అనుకున్నాను. బయట వరండాలో ముప్పై నలభై మంది ఉన్నారు. "ఎట్లాగో చూసుకో అవ్వా" అని తరువాతి చీటీ పిలిచాను.

మూడో రోజు తెల్లవారుజామున వాళ్ళు ఎద్దులబండి మీద మళ్ళీ వచ్చారు. బిడ్డ ముందురోజు మధ్యాహ్నం నుండి పాలు తాగడంలేదు. ఏడవడంలేదు. చేతులూ పాదాలూ మంచుగడ్డల్లా ఉన్నాయి. బుగ్గలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "రంగు బాగానే ఉంది గదా సారూ" అని తండ్రి ఆశగా అడిగాడు. చాలా చల్లబడిన పసిబిడ్డల ముఖం అట్లా ఎర్రగా ఉండి మోసం చేస్తుంది. పొట్ట మీద చేయి పెడితే అక్కడ కూడా చలువే. మా థర్మామీటరులో అంకెలు 95 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మొదలయ్యేవి. పాదరసం అక్కడికి కూడా చేరలేదు.

బిడ్డకు చుట్టిన గుడ్డ తీశాను. ముట్టుకుంటే చెమ్మగా ఉంది. దాని కింద ఇంకొకటి, అదీ చెమ్మే.

మా దగ్గర బిడ్డలను వెచ్చబెట్టే యంత్రం లేదు. కరెంటు కూడా ఆ రాత్రి నుండి లేదు. మా ఆయా ఏ చదువూ లేని మనిషి, నలుగురు బిడ్డల తల్లి. నన్ను అడగకుండానే తడిగుడ్డలు ఊడదీసి, బిడ్డను ఒట్టి ఒంటితో తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి, పైన రెండు ఆసుపత్రి కంబళ్ళు కప్పింది. నేను గ్లూకోజు నీళ్ళు చుక్కలుగా వేయించి, యాంటీబయాటిక్ ఇంజెక్షను చేశాను. పెద్దాసుపత్రికి పంపుదామంటే మొదటి బస్సు రావడానికి రెండున్నర గంటలుంది. బస్సు రాకముందే బిడ్డ పోయాడు.

తడిగుడ్డే చంపిందని నేను ఖచ్చితంగా చెప్పలేను. తక్కువ బరువు బిడ్డ. రక్తంలో సూక్ష్మజీవుల దోషం కూడా ఉండి ఉండవచ్చు. అటువంటి దోషం ఉన్న పసిబిడ్డ కూడా చల్లబడతాడు. అయితే మూడు రోజుల ముందు నా ఎదుట కూర్చున్న బిడ్డ పాలు తాగుతున్నాడు, ఏడుస్తున్నాడు. అవ్వ నన్ను ఒక ప్రశ్న అడిగింది. నేను దానికి జవాబు చెప్పలేదు. ఇంతవరకు నాకు ఖచ్చితంగా తెలుసు.

తడిగుడ్డ బిడ్డను ఎట్లా చల్లబరుస్తుంది?

ఆరోగ్యవంతమైన పసిబిడ్డ శరీర ఉష్ణోగ్రత 36.5 నుండి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 36.5 కంటే తగ్గితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చలి దెబ్బగా లెక్కిస్తుంది. 36 కంటే తగ్గితే ప్రమాదం, 32 కంటే తగ్గితే ప్రాణాపాయం. 36.5కూ 36కూ మధ్య తేడా అరడిగ్రీ మాత్రమే.

పెద్దవాళ్ళకు చలివేస్తే వణుకుతాం. వణుకుతో కండరాలు వేడి పుట్టిస్తాయి. పసిబిడ్డ వణకలేడు. వీపు మీద రెక్కల ఎముకల మధ్య, మూత్రపిండాల చుట్టూ ఉండే ఒక ప్రత్యేకమైన గోధుమరంగు కొవ్వును కరిగించుకొని వేడి పుట్టించుకుంటాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, తక్కువ బరువు బిడ్డకు ఆ నిల్వ చాలా తక్కువ. పైగా బరువుతో పోల్చి చూస్తే పసిబిడ్డ చర్మ వైశాల్యం పెద్దవాళ్ళ కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. ఆ చర్మం నుండే వేడి పోతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. ఒక గ్రాము నీరు చర్మం మీద ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిలో ఎక్కువ భాగం బిడ్డ ఒంటి నుండే పోతుంది. రెండు చెంచాల నీరు, అంటే 10 గ్రాములు ఆవిరి కావడానికి 5,800 కేలరీలు. మూడు కిలోల బిడ్డ శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గడానికి సుమారు 2,500 కేలరీల వేడి పోతే చాలు. బిడ్డ తనంతట తాను వేడి పుట్టించుకోకపోతే, ఆ రెండు చెంచాల తడి రెండు డిగ్రీలకు మించి చల్లబరచగలదు. రెండు కిలోల బిడ్డనైతే మూడు డిగ్రీలకు పైగా. బిడ్డ వేడి పుట్టించుకుంటూనే ఉంటాడు, కాబట్టి ఒక్క గుడ్డతో అంత ప్రమాదం రాదు. రోజంతా, రాత్రంతా ఒకదాని తరువాత ఒకటి చెమ్మగుడ్డలే కడుతుంటే బిడ్డ తాగిన పాలన్నీ ఆ గుడ్డలు ఆరబెట్టడానికే ఖర్చవుతాయి. కొన్నాళ్ళకు పాలు తాగే ఓపిక పోతుంది. పాలు తాగకపోతే వేడి పుట్టదు. ఆ గుండంలో పడిన బిడ్డను బయటికి లాగడం కష్టం.

మా ఆయా చేసిన పనికి తరువాతి కాలంలో పెద్ద పేరు వచ్చింది. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు బొగొటా నగరంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు, యంత్రాలు చాలక, తక్కువ బరువు బిడ్డలను తల్లుల గుండెల మీదనే ఉంచి వెచ్చబెట్టే పద్ధతిని ప్రారంభించాడు. దాన్ని ఇప్పుడు కంగారూ మదర్ కేర్ అంటారు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆయాకు ఆ పేరు ఎప్పటికీ తెలియదు.

రెండేళ్ళ తరువాత

అదే తల్లి రెండేళ్ళకు మళ్ళీ గర్భవతి అయి మా ఆసుపత్రికి వచ్చింది. కాన్పు మళ్ళీ కార్తీకం చివరికే. నేను ఒక ఆదివారం మా ఆరోగ్య కార్యకర్తను వెంటబెట్టుకొని వాళ్ళ పల్లెకు వెళ్ళాను.

బోదకొట్టం. గాలి వచ్చే దారి తలుపు ఒక్కటే. చూరు నేలకు నడుమెత్తులో ఉంది. చూరు కింద కట్టిన తాడే దండెం. వానపడితే చూరునీళ్ళు దాని మీదనే కారతాయి. పోయిన బిడ్డకు ఎన్ని గుడ్డలు ఉండేవని అడిగాను. అవ్వ వేళ్ళు మడిచి "ఆరు" అన్నది. అన్నీ మందపాటివి, పాత దుప్పటి చింపి నాలుగు పొరలుగా కుట్టినవి. బిడ్డకు వెచ్చగా ఉండాలని ప్రేమతో కుట్టింది. ఆ మందమే వాటిని ఆరనీయలేదు.

నేను అక్కడే నులకమంచం మీద కూర్చొని లెక్క వేశాను. పసిబిడ్డకు రోజుకు మూత్రం, విరేచనం అన్నీ కలిపి పదిహేను ఇరవై సార్లు గుడ్డ మార్చవలసి వస్తుంది. పద్దెనిమిది అనుకుందాం. ఆరు గుడ్డలుంటే ఒక్కొక్కటి రోజుకు మూడుసార్లు కట్టాలి. అంటే ఎనిమిది గంటల్లో ఉతికి, ఆరి, మళ్ళీ సిద్ధంగా ఉండాలి. ముసురులో నాలుగు పొరల గుడ్డ రెండు రోజులకైనా ఆరదు. ఆ తల్లి ఏ తప్పూ చేయలేదు. ఆరు గుడ్డలతో పొడిగా ఉంచమని చెప్పిన నేను లెక్క తప్పాను.

సన్నని ఒంటిపొర గుడ్డ ముసురులో గాలి తగిలే చోట వేస్తే రోజున్నరలో ఆరుతుంది. పద్దెనిమిది చొప్పున రోజున్నరకు ఇరవై ఏడు. తేడాపాడాలకు ఇంకొన్ని వేసుకొని ముప్పై గుడ్డలు కావాలి. ముప్పై అనగానే అవ్వ నోరు తెరిచింది. కొనవలసిన పనిలేదు. అయిదున్నర మీటర్ల పాత నూలు చీరను మూరకు కొంచెం పెద్దవైన చదరపు ముక్కలు చేస్తే ఇరవై వస్తాయి. ఒక పాత పంచెకు పన్నెండు. ఒక చీర, ఒక పంచె, లెక్క సరిపోయింది.

బిడ్డ పుట్టకముందే గుడ్డలు సిద్ధం చేయకూడదని అవ్వ అభ్యంతరం చెప్పింది. ఒక బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో ఆ భయాన్ని కొట్టివేయడానికి నాకు మనసొప్పలేదు. "చీర చింపవద్దు అవ్వా. ఉతికి, ఎండబెట్టి, మడిచి నీ పెట్టెలోనే పెట్టుకో. అది నీ చీరే. బిడ్డ కేక వినిపించిన తరువాత చింపు" అన్నాను. అందుకు ఒప్పుకుంది. కొట్టం పక్కన పశువుల పాకలో, వాన పడని, గాలి ఆడే చోట రెండు తాళ్ళు కట్టించాము.

ఆ సంవత్సరమూ ముసురు పట్టింది. ఆడపిల్ల పుట్టింది. ఆమె ఇప్పుడు నలభై దాటిన గృహిణి.

ఆరబెట్టడంలో కొన్ని మెళకువలు

ఇవి ఏ వైద్య గ్రంథంలోనూ నేను చదవలేదు. మా ప్రాంతపు అవ్వల దగ్గర చూసి, అవి ఎందుకు పనిచేస్తాయో ఆలోచించి, తరువాత నలభై ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చాను.

గుడ్డ సన్నగా ఉండాలి. కట్టేటప్పుడు మడత వేయండి, ఆరేసేటప్పుడు మడత విప్పండి. మందంగా కుట్టిన గుడ్డలు బిడ్డ కింద పరచడానికి మాత్రమే వాడండి.

ఉతికిన గుడ్డను ఒక పొడి తువ్వాలులో పెట్టి, చుట్టి, గట్టిగా మెలితిప్పండి. తువ్వాలు సగం నీటిని తాగేస్తుంది. పిండడంలో పోయిన నీరు ఎండతో పని లేకుండా పోయినట్లే. ఉతికే యంత్రం ఉన్నవాళ్ళు చివరలో నీరు వడిపించే తిప్పుడు రెండుసార్లు పెట్టండి.

ఒకే తాడు మీద సగానికి మడిచి వేస్తే రెండు పొరలు అంటుకుపోతాయి. జానెడు ఎడంగా రెండు తాళ్ళు కట్టి, వాటి మీద గుడ్డను అడ్డంగా పరవండి. గాలి కింద నుండీ పై నుండీ ఆడుతుంది. ముసురులో గుడ్డను ఆరబెట్టేది గాలే. ఇంట్లో ఆరేయక తప్పకపోతే వరండాలోనో, ఎవరూ పడుకోని గదిలో కిటికీ తెరిచి పంకా కిందనో వేయండి. బిడ్డ పడుకునే గదిలో తడిబట్టలు వేస్తే ఆ గది గోడలకు చెమ్మ పట్టి బూజు వస్తుంది.

ఎండ ఉన్న రోజున పొద్దున్నే ఉతికి, మొదటి ఎండలోనే వేయండి. ముందు వైపు దండెం బిడ్డకు ఇవ్వండి. పెద్దవాళ్ళ బట్టలు రేపు ఆరినా నష్టం లేదు. ఎండ గుడ్డను ఆరబెట్టడమే కాకుండా సూక్ష్మజీవులను కూడా చాలావరకు చంపుతుంది.

పొద్దు కుంకకముందే గుడ్డలు లోపలికి తీయండి. చీకటిపడిన తరువాత బిడ్డ గుడ్డలు బయట ఉంటే పక్షి దోషం తగులుతుందని మన పెద్దలు అంటారు. పక్షి సంగతి నేను చెప్పలేను కాని, మంచు తగులుతుందన్నది నిజం. నమ్మకం ఏదైనా, చేసే పని మంచిదే. వాళ్ళతో వాదించకండి.

మార్కాపురంలో పనిచేసిన రోజుల్లో పలకల గనుల దగ్గర నివసించే స్త్రీలు ఎండకు కాగిన నల్లని పలకరాళ్ళ మీద గుడ్డలు పరచడం చూశాను. నల్లని రాయి ఎండను బాగా పీల్చుకొని, పొద్దు వాలిన తరువాత కూడా కొంతసేపు వేడిగా ఉంటుంది. చాలా తెలివైన పని. అయితే పలక కోసే చోట రేగే ధూళి గుడ్డలో దిగితే బిడ్డ చర్మం గీసుకుపోతుంది. రాయిని కడిగి, కోత జరిగే చోటికి దూరంగా పరుచుకోమని చెప్పేవాణ్ణి. గుడ్డను దులిపి మరీ కట్టాలి.

మన బోరునీళ్ళు ఉప్పదనం, గట్టిదనం ఉన్నవి. సబ్బు నురగ రాదు. సబ్బు తెట్టు గుడ్డలో ఉండిపోయి, ఆరినప్పుడు అట్టలాగా బిగుస్తుంది. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇళ్ళలో జాడించడానికి నీరు పొదుపు చేస్తారు, అది ఇంకా నష్టం. సబ్బు తక్కువ వాడండి, జాడింపు ఎక్కువ చేయండి. ముసురు రోజుల్లో శుభ్రమైన మిద్దె నుండి పడే వాననీటిని పట్టుకొని చివరి జాడింపుకు వాడండి. గుడ్డలను ఆరనీయని వానే వాటిని మెత్తబరచే మంచి నీటిని కూడా ఇస్తుంది.

చివరగా, ఆరిందో లేదో చేతితో చూసి మోసపోవద్దు. పనిచేసిన చేతికి చెమ్మ తెలియదు. గుడ్డ అంచును, కుట్టును మీ చెంపకు ఆనించి చూడండి. కొంచెం చెమ్మ ఉంటే ఇస్త్రీ చేయండి. బొగ్గుల పెట్టె అయినా, కరెంటుదైనా సరే. కట్టే ముందు గుడ్డను కాసేపు మీ ఒడిలో పెట్టుకుంటే దాని చలువ కూడా పోతుంది.

కుంపటి గురించి

మా వీధి పెద్దావిడ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. కుంపటి మీద గంప బోర్లించి గుడ్డలు ఆరబెట్టడం పాత పద్ధతే. సాంబ్రాణి వేసి గుడ్డలకు పొగ పట్టడం కూడా ఉంది. కొట్టాలలోనూ, పెంకుటిళ్ళలోనూ సందుల గుండా గాలి ఆడేది. ఇప్పటి గదులకు సిమెంటు గోడలు, అద్దాల కిటికీలు. బాలింతకు గాలి తగలకూడదని ఆ సందులు కూడా గుడ్డలతో మూస్తారు.

మూసిన గదిలో బొగ్గులు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని ఎర్ర వర్ణకాన్ని ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు మించిన బలంతో పట్టుకొని వదలదు. తల్లికి తలనొప్పి, వాంతి, మగత వస్తాయి. బాలింత నీరసమనుకుంటారు. బిడ్డ మాత్రం నిద్రపోతున్నట్లే ఉంటాడు. పొగ లేదు కదా, నిప్పులే కదా అని ధైర్యపడవద్దు. పొగ కనిపించని నిప్పులే ఈ వాయువును ఎక్కువగా ఇస్తాయి.

కాబట్టి కుంపటి పెట్టక తప్పకపోతే బయటి వసారాలో, బిడ్డకు దూరంగా పెట్టండి. మనిషి కాపలా ఉండాలి. గంప అంటుకుంటే ఇల్లు అంటుకుంటుంది. గుడ్డలు ఆరి, చల్లారి, దులిపిన తరువాతనే లోపలికి తీసుకువెళ్ళండి. వంట అయిపోయి నిప్పు ఆరిన పొయ్యి పక్కన కూడా చాలా వెచ్చదనం మిగిలి ఉంటుంది, అది చాలు. పట్టణాల్లో కరెంటు హీటరు మీద నేరుగా గుడ్డలు వేస్తున్నారు. అదీ నిప్పే. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకు మేలు చేయదు.

పెట్టెలోని కలరా ఉండలు

ముప్పై గుడ్డలకు పాత చీరలు తీయమన్నాను కనుక ఒక హెచ్చరిక తప్పనిసరి. 1990వ దశకంలో నేను చూసిన ఒక మగబిడ్డ అయిదో రోజున పసుపు కొమ్ములా ఉన్నాడు. పుట్టినప్పుడు ఎర్రగా ఉన్నవాడికి రక్తహీనత కూడా కనిపించింది. బిడ్డను ఎత్తుకోగానే నాకు కలరా ఉండల వాసన వచ్చింది. ట్రంకు పెట్టెలో ఏళ్ళ తరబడి ఆ ఉండల మధ్య దాచిన మెత్తని చీరలను ఉతకకుండానే చింపి కట్టారు.

ఆ ఉండలు నాఫ్తలీన్ అనే పదార్థం. కొందరు బిడ్డల ఎర్ర రక్తకణాలలో జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. ఎక్కువగా మగబిడ్డలలో. 1956లో ఈ లోపాన్ని గుర్తించారు. అటువంటి బిడ్డలు నాఫ్తలీన్ ఆవిరిని పీల్చినా, చర్మం గుండా లోపలికి పోయినా ఎర్రకణాలు పగిలి, కామెర్లు విపరీతంగా పెరుగుతాయి. కామెర్లు మెదడుకు ఎక్కితే బ్రతికినా వైకల్యం మిగులుతుంది. నూనె మర్దన చేసిన చర్మం గుండా అది ఇంకా సులువుగా లోపలికి దిగుతుంది. ఆ బిడ్డను పెద్దాసుపత్రికి పంపాము. అక్కడ రక్తం మార్చి బ్రతికించారు.

ఏ బిడ్డకు ఆ లోపం ఉందో ముందుగా తెలియదు. కనుక కలరా ఉండల మధ్య దాచిన గుడ్డలను పసిబిడ్డకు వాడకపోవడమే మంచిది. పెట్టెలో పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేసుకోండి.

ఒరుపు గురించి రెండు మాటలు

తొడల సందుల్లో కందిపోవడానికి మూత్రంలోని అమ్మోనియాయే కారణమని 1921లో కుక్ అనే అమెరికా వైద్యుడు వ్రాశాడు. మేము చదువుకున్న పుస్తకాల్లోనూ అదే ఉండేది. 1980వ దశకంలో జరిగిన పరిశోధనలు దాన్ని సరిదిద్దాయి. తడికి చర్మం నానుతుంది. మూత్రం, విరేచనం కలిసినచోట క్షారగుణం పెరిగి, విరేచనంలోని జీర్ణరసాలు చురుకై ఆ నానిన చర్మాన్ని తింటాయి. అందువల్ల విరేచనమైన గుడ్డను వెంటనే మార్చడం అన్నిటికంటే ముఖ్యం. గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండా అద్ది, కాసేపు గాలికి వదలండి. జింకు లేపనం రాయండి. పౌడరు చల్లవద్దు, బిడ్డ దాన్ని పీలుస్తాడు. ఎర్రటి మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటే అది శిలీంధ్ర దోషం కావచ్చు, వైద్యునికి చూపించండి.

బజారు డైపర్లు వాడేవారిని నేను తప్పుపట్టను. ముసురు నాలుగు రోజులూ, ప్రయాణంలోనూ, రాత్రిళ్ళూ అవి మేలే. అయితే తడి పైకి తెలియదని ఒక్కదాన్నే పూటంతా ఉంచవద్దు.

ఎప్పుడు పరుగెత్తాలి?

మీ అరచేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, పాదాలను తాకండి. రెండూ వెచ్చగా ఉంటే మంచిది. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి దెబ్బ మొదలైనట్లు. వెంటనే పొడిగుడ్డ కట్టి, తలకు టోపీ పెట్టి, బిడ్డను తల్లి చర్మానికి చర్మం తాకేలా గుండెల మీద పడుకోబెట్టి, పైన కప్పి, పాలు ఇవ్వండి. ఒక గంటలో పాదాలు వెచ్చబడకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. పొట్ట కూడా చల్లగా ఉంటే, పాలు తాగకపోతే, ఏడుపు బలహీనమైతే, ఒళ్ళు బిగిసినట్లు ఉంటే గంట కూడా ఆగవద్దు. 108కి ఫోను చేసి, దారి పొడవునా బిడ్డను తల్లి గుండెల మీదనే ఉంచండి. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం చేయించవద్దు.

ఇప్పుడు ఆశా కార్యకర్తలు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తారు. బరువు, ఉష్ణోగ్రత చూస్తారు. వాళ్ళు వచ్చినప్పుడు గుడ్డలు ఆరడంలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడవద్దు. అమ్మా, ఈ వ్యాసం చదివే ఆశా కార్యకర్తలెవరైనా ఉంటే, మీరు ఆ ఇంటి పెరట్లోకి ఒకసారి తొంగిచూసి రండి.

మా వీధి పెద్దావిడ ఇంట్లో బాలింత గది కిటికీ మూసి ఉంది. కుంపటి అప్పటికే వెలిగించి గుమ్మం దగ్గర పెట్టారు. దాన్ని వసారాలోకి మార్పించాను. గుడ్డలు లెక్కబెడితే పదకొండు. మా ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ రెండు పాత నూలు చీరలు ఉతికినవి పంపించింది. మా మేడమీద రేకుల కింద వాన పడని దండెం ఉంది. ముసురు వదిలేవరకు వాళ్ళ గుడ్డలు అక్కడే ఆరాయి.

మీ వీధిలో ఈ చలికాలం ఏ ఇంట్లోనైనా పసిబిడ్డ ఉంటే, చూడటానికి వెళ్ళినప్పుడు బిడ్డ ఎవరి పోలిక అని అడిగిన తరువాత, గుడ్డలు ఎక్కడ ఆరేస్తున్నారమ్మా అని కూడా అడగండి. జవాబు వచ్చేవరకు కూర్చోండి.

సెలవు.